పాకం పట్టిన పప్పులు: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన సంచికలో జీడిపప్పుకి పాకం ఎలా పట్టాలో క్లుప్తంగా రాశాను, దానికి వచ్చిన ఉత్తరాలూ మెసేజ్‌లూ చూస్తే ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇవ్వాలనిపించింది. అన్నీ వెయ్యడం కుదరదు కాబట్టి ఒకే రకం ప్రశ్నలు కలిపేశా. ఒక్క మాట ముందే చెప్తా, చాలామంది కొలతలు అడుగుతున్నారు గానీ ఈ పనిలో కొలతల కన్నా పాకం ఏ దశలో ఉందో గుర్తుపట్టడం ముఖ్యం. మీకు పప్పు మీద ఎలాంటి పూత కావాలో ముందే తేల్చుకుని పొయ్యి వెలిగిస్తే సగం పని అయిపోయినట్టే.

ప్రశ్న: అమ్మా, తీపి గవ్వల మీద ఉన్నట్టు తెల్లగా పొడిపొడిగా పంచదార పూత రావాలని చేశాను. కానీ జీడిపప్పులన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి పళ్ళెంలో ఒకే బండ అయిపోయింది, అట్లకాడతో కొట్టినా విరగలేదు. ఎక్కడ తప్పు? (గృహిణి, రాజమండ్రి)

ఇంకో ప్రశ్న: మేడం, నాది వేరే గోల. షాపులో దొరికేలా బంగారు రంగులో నిగనిగలాడాలని చేస్తే ఇసకలాగా గరుకుగా అయిపోయినయి. పాకం మంచిగనే ఉండె, పల్లీలు వేసి కలపగానే తెల్లగైపోయింది. (హన్మకొండ)

జవాబు: మీ ఇద్దరిదీ ఒకటే సమస్య అండీ, ఒకరికి కావల్సింది ఇంకొకరికి వచ్చింది అంతే. అందుకే కలిపి చెప్తా.

పంచదార పాకానికి రెండు దారులున్నాయి. చిక్కబడ్డాక దాన్ని కదిపితే, అందులో పంచదార మళ్ళీ పలుకులు కట్టేస్తుంది, అదే గవ్వల మీద కనపడే తెల్లటి పూత. కదపకుండా ఇంకా మరిగించి నీళ్ళన్నీ పోగొడితే పలుకులు కట్టే వీలు లేక గాజులాగా గట్టిపడుతుంది, అది నిగనిగలాడే పూత. ఒకే పంచదార, ఒకే నీళ్ళు, తేడా అంతా ఎంతసేపు మరిగించాం, ఎప్పుడు గరిటె పెట్టాం అన్నదే.

రాజమండ్రి చెల్లెమ్మా, నీ పాకం ముదిరిపోయింది. తెల్లటి పూత కావాలంటే పావుకిలో జీడిపప్పుకి 125 గ్రాముల పంచదార, పావు కప్పు కన్నా కొంచెం తక్కువ నీళ్ళు చాలు. జీడిపప్పుని ముందే వేరే మూకుడులో సిమ్‌లో దోరగా వేయించి పక్కన పెట్టుకో, నూనె గానీ నెయ్యి గానీ వద్దు, పప్పు జిడ్డుగా ఉంటే పూత పట్టదు. పాకం తీగపాకం దాటి, నీళ్ళలో చుక్క వేస్తే వేళ్ళ మధ్య మెత్తటి ఉండ కట్టేదాకా రానివ్వాలి, థర్మామీటర్ ఉన్నవాళ్ళకి 115 డిగ్రీలు దగ్గర దగ్గర. అక్కడ పొయ్యి కట్టేసి పప్పు మొత్తం ఒకేసారి వేసి చెక్క గరిటెతో ఆపకుండా కలుపు. మొదట్లో అంతా జిగటగా అనిపించి అయ్యో పాడైపోయిందే అనుకుంటావు, కంగారుపడి మళ్ళీ పొయ్యి వెలిగించకు, ఒక నిమిషం రెండు నిమిషాలు కలిపేసరికి పాకం మసకబారి, తెల్లబడి, ఒక్కసారిగా పొడిపొడిగా విడిపోతుంది. మన అమ్మమ్మలు గవ్వలకీ తీపి బూందీకీ చేసేది అచ్చం ఇదే.

హన్మకొండ తమ్ముడూ, నువ్వు కదిపావు, అందుకే తెల్లబడింది. కానీ అది పాడైనట్టు కాదు, పారెయ్యొద్దు. అలా ఇసకలా అయినదాన్నే అదే మూకుడులో సిమ్‌లో పెట్టి నిదానంగా కలుపుతూ ఉంటే ఆ పంచదార మళ్ళీ కరగడం మొదలుపెట్టి పల్లీకి అంటుకుని తేనె రంగులోకి వస్తుంది, అప్పుడు నెయ్యి రాసిన పళ్ళెంలో పరిచేసి వేడి మీదే ఫోర్కులతో విడదియ్యాలి. నాకైతే ఈ పద్ధతే ఇష్టం, ఎందుకంటే చేతిలో టైం ఉంటుంది. నేరుగా నిగనిగలాడే పూత కావాలంటే పాకం మొదట్లోనే నాలుగైదు చుక్కల నిమ్మరసం వెయ్యి. పులుపు తగిలితే పంచదార కొంత గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడిపోతుంది, అవి మధ్యలో అడ్డం ఉంటే పలుకులు కట్టడం కష్టం. అంచుల మీద అంటుకున్న పంచదార పలుకులు పాకంలో పడినా మొత్తం గడ్డకట్టేస్తుంది, తడి బ్రష్‌తో అంచులు తుడుస్తూ ఉండు. 160 డిగ్రీలు దాటి లేత బంగారు రంగు రాగానే ఒక చెంచా నెయ్యి వేసి, వేయించిన పల్లీలు వేసి, రెండు మూడు సార్లు తిప్పి వెంటనే పళ్ళెంలోకి. అక్కడి నుంచి ప్రతి అరనిమిషానికీ రంగు మారిపోతుంది, ఫోన్ వచ్చినా ఎత్తకు.

ఇద్దరికీ ఒక మాట, మూకుడు అడుగు మందంగా ఉండాలి. పల్చటి స్టీల్ గిన్నెలో పాకం ఒకపక్క మాడిపోతుంటే ఇంకోపక్క పచ్చిగా ఉంటుంది.

ప్రశ్న: ఆంటీ నేను డిగ్రీ చదువుతున్నా, హాస్టల్ ఫ్రెండ్స్‌కి పుట్టినరోజుకి రకరకాల ఫ్లేవర్లలో జీడిపప్పు, బాదం చేసి చిన్న సీసాల్లో పెట్టి ఇద్దామనుకుంటున్నా. కారం ఫ్లేవర్ ట్రై చేస్తే ఇల్లంతా దగ్గులే. యాలకులు వేస్తే వాసనే రాలేదు. ఏ ఫ్లేవర్ ఎప్పుడు వెయ్యాలి? (విజయవాడ)

జవాబు: ఎంత మంచి ఆలోచనమ్మా, కొనిచ్చేదానికంటే ఇది వాళ్ళకి ఎక్కువ గుర్తుంటుంది. నువ్వడిగిందే అసలు ప్రశ్న, దీనికి కొంచెం పెద్దగానే చెప్తా.

యాలకుల వాసన, గులాబీ ఎసెన్స్, కుంకుమపువ్వు, ఇవి వేడికి ఎగిరిపోయేవి. మరిగే పాకంలో వేస్తే వంటిల్లు ఘుమఘుమలాడుతుంది, పప్పులో ఏమీ మిగలదు. కారం, మిరియప్పొడి లాంటివి మరిగే పాకంలో మాడి ఆ ఘాటు ముక్కుల్లోకి వస్తుంది, నీకు జరిగింది అదే. కాబట్టి పొయ్యి కట్టేశాక, పూత ఇంకా తడిగా ఉండి తెల్లబడటం మొదలైన ఆ క్షణంలో చల్లాలి. ముందే వేస్తే ఎగిరిపోద్ది, ఆలస్యం చేస్తే అంటుకోదు. అందుకే పొడులన్నీ ముందే చిన్న గిన్నెలో కలిపి పొయ్యి పక్కన పెట్టుకో, అప్పుడు డబ్బా మూత తీస్తూ కూర్చుంటే అయిపోయినట్టే. దాల్చినచెక్క ఒక్కటి మాత్రం వేడికి తట్టుకుంటుంది, పాకంతో పాటే వేసుకోవచ్చు.

రెండో సంగతి, ఏదైనా పొడిగానే ఉండాలి. నిమ్మకాయ కారం ఫ్లేవర్ అని చాలామంది చివర్లో నిమ్మరసం పిండేస్తారు, తడి తగిలితే తెల్లటి పూత కరిగి జిగటైపోతుంది. దానికి బదులు ఆమ్‌చూర్ పొడి, అంటే ఎండు మామిడికాయ పొడి వాడు. పావుకిలో పప్పుకి ముప్పావు చెంచా కారం, అరచెంచా ఉప్పు, ఒక చెంచా ఆమ్‌చూర్. గుంటూరు కారం వేస్తే ఇంకాస్త తగ్గించు, రంగు బాగా కావాలంటే కాశ్మీరీ కారం కలుపుకో.

మూడోది ఉప్పు. తీపి పప్పుకి ఉప్పెందుకు అని అడక్కు, పావుకిలోకి కనీసం పావుచెంచా ఉప్పు లేకపోతే నాలుగు పప్పులు తినేసరికి మొహం మొత్తుతుంది. యాలకులు వేసినదాంట్లో కూడా ఉప్పు పడాల్సిందే, ఈ విషయంలో నేను రాజీ పడను.

నేను చేసే రకాలు చెప్తా. పల్లీలకి శొంఠి, మిరియం అద్భుతంగా పొసుగుతాయి, ఒక చెంచా శొంఠిపొడి, అరచెంచా కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు, పంచదార బదులు బెల్లప్పొడి సగం కలిపితే ఇంకా బాగుంటుంది, చలికాలం సాయంత్రాలు ఇది ఉంటే వేరే చిరుతిండి అక్కర్లేదు. బాదానికి కాఫీ. దీనికి మాత్రం చివర్లో పొడి చల్లడం కాదు, పాకానికి పోసే నీళ్ళ బదులు చిక్కటి ఫిల్టర్ డికాషనే పొయ్యాలి, అప్పుడు కాఫీ లోపలిదాకా ఉంటుంది, అరకు కాఫీపొడి దొరికితే ఆ కొంచెం చేదు తీపితో కలిసి చాలా బాగుంటుంది. చికోరీ ఎక్కువున్న పొడి వద్దు. జీడిపప్పుకి యాలకులు, ఎండబెట్టిన గులాబీ రేకులు నలిపి వేస్తే పెళ్ళి పంపకాలకి పనికొస్తుంది. ఇంకోటి మన ఇంట్లో ఎవరూ అనుకోరు గానీ కరివేపాకు. చుక్క నూనెలో గలగలలాడేలా వేయించి, కాగితం మీద ఆరబెట్టి, నలిపి, చిటికెడు ఇంగువ, కారం, ఉప్పుతో కలిపి జీడిపప్పు మీద చల్లు. తీపీ కారం కరివేపాకు వాసనా మూడూ ఒకదాని తర్వాత ఒకటి తగుల్తాయి. కోకో పొడి కూడా వేసుకోవచ్చు, పప్పు గోరువెచ్చగా అయ్యాక ఒక పెద్ద చెంచా పొడి వేసి డబ్బాలో ఊపేస్తే చాలు.

సీసాలో పెట్టేముందు పూర్తిగా చల్లారాలి. గోరువెచ్చగా ఉండగా మూత పెడితే లోపల ఆవిరి పట్టి రాత్రికల్లా మెత్తబడిపోతాయి. కారం రకం, గులాబీ రకం ఒకే డబ్బాలో పెట్టకు, అన్నీ ఒకటే వాసనొస్తాయి. ఇంకొకటి, తీసుకునే పిల్లల్లో పల్లీలు, జీడిపప్పు పడనివాళ్ళు ఎవరైనా ఉన్నారేమో ముందే అడుగు, కొంతమందికి చాలా ప్రమాదం అవుతుంది.

ప్రశ్న: అక్కా, మాది పిఠాపురం దగ్గర. సంక్రాంతికి బెల్లంతో జీడిపప్పు పాకం చేస్తే బాగానే వచ్చింది, అదే శ్రావణమాసంలో చేస్తే సాయంత్రానికే చేతికి అంటుకుపోతోంది. బెల్లం తేడానా? పాకం తేడానా?

జవాబు: రెండూ, పైగా గాలిలో తేమ కూడా. మీ కాకినాడ, కోనసీమ వైపు జీడిపప్పు పాకం అంటే ఎంత ప్రాణమో నాకు తెలుసు, అందుకే వివరంగా చెప్తా.

బెల్లంలో పంచదారతో పాటు గ్లూకోజ్, ఫ్రక్టోజ్ లాంటివి కొంత శాతం సహజంగానే ఉంటాయి. దానివల్ల ఒక లాభం, బెల్లం పాకం పంచదారలాగా తొందరగా ఇసక కట్టదు, నిమ్మరసం అక్కర్లేకుండానే నిగనిగలాడుతుంది. అదే నష్టం కూడా, ఎందుకంటే అవి గాల్లో తడిని లాక్కుంటాయి. అందుకే వానాకాలంలో, సముద్రం దగ్గర ఊళ్ళలో బెల్లం పాకం తొందరగా చెమరుస్తుంది.

మీరు చెయ్యగలిగేది పాకాన్ని ఇంకాస్త ముదరనివ్వడం. సంక్రాంతికి ఉండ పాకం దాటి కొంచెం గట్టిపడ్డాక ఆపినా చలికి సరిపోయింది. వానాకాలంలో ఆ లెక్క చాలదు. నీళ్ళ గిన్నెలో చుక్క వేసి, చల్లబడ్డాక తీసి పళ్ళెం మీద పడేస్తే టంగుమని శబ్దం రావాలి, పంటి కింద పెడితే అతుక్కోకుండా టప్పున విరగాలి. అతుక్కుందంటే ఇంకా నీళ్ళు ఉన్నట్టే, మరో నిమిషం మరగనివ్వండి. 146 డిగ్రీలు దాటాక గానీ ఆ విరుపు రాదు. కానీ బెల్లం పంచదారకంటే తొందరగా మాడుతుంది, ఆఖర్న సిమ్‌లోనే ఉంచాలి.

బెల్లం విషయానికొస్తే, అనకాపల్లి బెల్లం దొరికితే సంతోషం, ఏ ఊరిదైనా గట్టిగా, పొడిగా, విరిస్తే లోపల పలుకులు కనిపించేది తీసుకోండి. మెత్తగా, వేలు దిగబడే బెల్లం పాయసానికి వాడుకోండి, పాకానికి వద్దు. మరీ పచ్చగా తళతళలాడేది కూడా నేను కొనను, ముదురు రంగుదే కొంటా. ఏ బెల్లమైనా కొద్దిగా నీళ్ళల్లో కరిగించి వడకట్టే వాడాలి, ఇసకరాయి ఒక్కటి పంటికి తగిలితే చేసిన కష్టమంతా పోతుంది.

చాలామంది కొలత అడిగారు కాబట్టి, పావుకిలో జీడిపప్పుకి 200 గ్రాముల బెల్లం, రెండు చెంచాల నెయ్యి, అరచెంచా యాలకుల పొడి. పప్పు గుండ్లు అక్కర్లేదు, బద్దలు వాడితే డబ్బూ మిగులుతుంది, పాకమూ బాగా పడుతుంది. పలాస నుంచో వేటపాలెం నుంచో తెప్పించేవాళ్ళు డబ్ల్యూ 180, 240, 320 అని నంబర్లు చూస్తుంటారు, అది ఒక పౌనుకి సుమారుగా ఎన్ని గుండ్లు తూగుతాయన్న లెక్క. నంబర్ పెరిగేకొద్దీ పప్పు చిన్నది. పాకానికి 320 బ్రహ్మాండంగా సరిపోతుంది, 180 కొని పాకంలో ముంచడం నాకు మనసొప్పదు.

దించే ముందు చిటికెడు వంటసోడా వేస్తే పాకం నురగ కట్టి లోపల సన్నటి బుడగలు నిలిచి పాకం గుల్లగా, కరకరలాడుతూ వస్తుంది, పళ్ళు సరిగా లేని పెద్దవాళ్ళు కూడా తినగలుగుతారు. చిటికెడే, ఎక్కువైతే చేదు. పళ్ళెంలో పోశాక నెయ్యి రాసిన అప్పడాల కర్రతో గబగబా ఒత్తి, చాకుతో గాట్లు పెట్టుకుని, చల్లారిన వెంటనే ముక్కకీ ముక్కకీ మధ్య బటర్ పేపర్ వేసి గాలి చొరని డబ్బాలో పెట్టెయ్యండి. ఫ్రిజ్‌లో పెట్టొద్దు, బయటికి తియ్యగానే దాని మీద నీరు పట్టి ఇంకా పాడవుతుంది.

తమిళనాట కోవిల్‌పట్టి కడలై మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అదీ పల్లీ, బెల్లం పాకమే. ఒక చిన్న పట్టణం తన పల్లీ పాకాన్ని అంతగా కాపాడుకుంది. మన జీడిపప్పు పాకానికీ అంత శ్రద్ధ దక్కాలని నా ఆశ.

ప్రశ్న: నమస్తే మేడం, నేను జర్మనీ మ్యూనిక్‌లో మాస్టర్స్ చేస్తున్నా. ఇక్కడ క్రిస్మస్ మార్కెట్లలో పేపర్ పొట్లాల్లో వేడివేడి బాదం అమ్ముతారు, దాల్చినచెక్క వాసన వీధి చివరిదాకా వస్తుంది. డిసెంబర్ అయ్యాక దొరకవు. ఇండియా వచ్చినప్పుడు అమ్మకి చేసి పెట్టాలని ఉంది.

జవాబు: వాటిని అక్కడ గెబ్రాంటె మాండెల్న్ అంటారు కదా, అక్టోబర్‌ఫెస్ట్‌లో కూడా అమ్ముతారు. చెయ్యడం చాలా తేలిక నాన్నా, ఇందాక చెప్పిన రెండు దశలూ ఒకే మూకుడులో జరుగుతాయి.

200 గ్రాముల బాదం పొట్టుతోనే తీసుకో, వేయించొద్దు. మిగతా అందరికీ ముందు వేయించమని చెప్పి నీకు వద్దంటున్నా, ఎందుకంటే ఇందులో బాదం పాకంలోనే చాలాసేపు వేగుతుంది, ముందే వేయిస్తే చివరికి మాడిపోతుంది. 150 నుంచి 200 గ్రాముల పంచదార, 100 మిల్లీలీటర్ల నీళ్ళు, ఒక చెంచా దాల్చినచెక్క పొడి, చిటికెడు ఉప్పు. అన్నీ వెడల్పాటి మూకుడులో వేసి పెద్ద మంట మీద మరిగించు. నీళ్ళు ఇగిరేకొద్దీ బుడగలు పెద్దవై, చిక్కబడి, ఒక్కసారిగా అంతా పొడిగా ఇసకలా అయిపోతుంది. ఇక్కడే చాలామంది ఆపేస్తారు. నువ్వు మంట తగ్గించి ఆపకుండా కలుపుతూనే ఉండు, ఆ పొడి మళ్ళీ కరిగి బాదానికి పట్టుకోవడం మొదలవుతుంది. మొత్తం కరగనివ్వకు, సగం నిగనిగలాడుతూ సగం గరుకుగా ఉండగానే దించాలి, మార్కెట్లో తిన్నవాటికి పైన ఆ గడ్డలు గడ్డలుగా ఉండే పూత ఇలాగే వస్తుంది. బేకింగ్ పేపర్ మీద పరిచి విడదీసెయ్. వెనీలా ఇష్టమైతే దించాక వెయ్యి.

అక్కడ బండ్ల మీద పెద్ద రాగి పాత్రల్లో చేస్తారు, వేడి మూకుడంతా సమానంగా పాకుతుందని. ఇంట్లో మందపాటి ఇనప మూకుడు చాలు. అమ్మకి చేసిపెట్టేటప్పుడు ఒక వంతు దాల్చినచెక్క తగ్గించి జాజికాయ తురిమి చూడు.

ప్రశ్న: అక్కా, డాలస్ నుంచి రాస్తున్నా. ఇక్కడ పెకాన్లు (అక్రోట్ లాంటి పప్పులు) చవగ్గా దొరుకుతాయి. ఆన్‌లైన్‌లో చూసిన రెసిపీలన్నీ ఓవెన్‌లో ఎగ్‌వైట్‌తోనే ఉన్నాయి. మా అత్తగారు గుడ్డు తినరు. వేరే మార్గం ఉందా?

జవాబు: ఉంది తల్లీ. టెక్సాస్ రాష్ట్ర వృక్షమే పెకాన్ చెట్టు, 1919 నుంచీ, అంతటి పప్పు చేతికందేంత దగ్గర్లో ఉంటే చెయ్యకుండా ఎలా ఉంటాం.

గుడ్డు తెల్లసొన అక్కడ చేసే పని జిగురు పని, పంచదారని పప్పుకి అంటించి ఓవెన్‌లో పల్చటి పెళుసు పొరలా ఆరడం. ఆ పని కాబూలీ శనగలు ఉడికించిన నీళ్ళు కూడా చేస్తాయి. ఒక గుడ్డు తెల్లసొనకి బదులు రెండు పెద్ద చెంచాల నీళ్ళు, చిక్కగా లేకపోతే పొయ్యి మీద పెట్టి ఇంకొంచెం ఇగర్చుకో, టిన్నులో నీళ్ళైతే ఉప్పు లేని టిన్ను చూసి తీసుకో. వాటిని ఫోర్కుతో నురగ వచ్చేదాకా గిలకొట్టి, 450 గ్రాముల పెకాన్లు వేసి బాగా కలిపి, ఒక కప్పు పంచదార, ఒక చెంచా దాల్చినచెక్క, అరచెంచా ఉప్పు చల్లి, ట్రేలో ఒకే వరసగా పరిచి 250 ఫారెన్‌హీట్‌లో గంటసేపు. పదిహేను నిమిషాలకోసారి తీసి కలపాలి, అది మానేస్తే అడుగున అతుక్కుపోతాయి. బయటికి తీసినప్పుడు ఇంకా మెత్తగా ఉన్నట్టు అనిపిస్తాయి, చల్లారాక కరకరలాడతాయి. పెకాన్‌లో నూనె ఎక్కువ కాబట్టి తొందరగా ముక్కిపోతుంది, కొనేటప్పుడే ఒకటి తిని చూసి తీసుకో, ముక్కిన వాసన ఏ మసాలాతోనూ పోదు.

ఆవిడకి మన రుచి కావాలంటే దాల్చినచెక్క మానేసి యాలకులు, మిరియం వెయ్యి. ఓవెన్ వేడి తక్కువే అయినా గంటసేపు ఉంటుంది కాబట్టి యాలకులు సగం ముందు, సగం బయటికి తీశాక.

ప్రశ్న: పల్లీల పొట్టు తియ్యాలా వద్దా?

జవాబు: బెల్లం పాకానికీ పట్టీలకీ తియ్యండి, పొట్టు ఊడిపోయి పాకంలో నల్లగా తేలుతుంది. పంచదార పూతకి ఉంచండి, పూత దాని గరుకుకే బాగా పట్టుకుంటుంది. రంగు మారినవి, ముడతలు పడినవి, బూజు వాసన వచ్చే పల్లీలు మాత్రం ఏరి పారెయ్యండి. బూజులో ఉండే విషం వేయించినా పోదు.

ప్రశ్న: మా నాన్నగారికి షుగర్. బెల్లంతో చేస్తే తినొచ్చు అంటున్నారు చుట్టాలు. షుగర్ ఫ్రీ పొడితో చేస్తే ఎలా ఉంటుంది? పైగా మా బాబుకి మూడేళ్ళు, వాడూ అడుగుతున్నాడు. (నెల్లూరు)

జవాబు: బెల్లం అయితే పర్లేదు అన్న మాట వినకండి. బెల్లం కూడా రక్తంలో చక్కెరని పెంచుతుంది, అందులో ఉండే కొద్దిపాటి ఖనిజాల వల్ల అది మారదు. లెక్క చెప్తా చూడండి, 100 గ్రాముల పప్పుకి 50 గ్రాముల తీపి పూత అనుకుంటే గుప్పెడు, అంటే 30 గ్రాములు తింటే 10 గ్రాముల చక్కెర లోపలికి వెళ్ళినట్టు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మామూలు మనిషికే రోజు మొత్తానికి 25 గ్రాముల లోపు ఉంటే మంచిదంటోంది. నాన్నగారు ఎంత తినొచ్చో డాక్టర్‌ని అడిగాకే ఇవ్వండి.

ఎరిత్రిటాల్ లాంటి పొడులతో పాకం రాదండీ, అవి కరుగుతాయి గానీ బంగారు రంగులోకి తిరగవు, చల్లారాక గట్టి పలుకులు కడతాయి, నోట్లో చల్లగా తగుల్తుంది. నా మాట వినండి, ఆయనకి తీపి నకలు వద్దు, అసలు వేరే రుచే ఇవ్వండి. బాదం, పల్లీలు కొద్దిగా నూనెలో వేయించి పొయ్యి కట్టేశాక కరివేపాకు, కారం, వేయించిన ధనియాల పొడి, ఆమ్‌చూర్ కొద్దిగా ఉప్పు చల్లి ఇస్తే మిగతావాళ్ళే ఆయన గిన్నెలోంచి తీసుకుంటారు.

బాబుకి మాత్రం ఇప్పుడే వద్దు. ఐదేళ్ళ లోపు పిల్లలకి గుండ్లు గుండ్లుగా ఉన్న ఏ పప్పూ ఇవ్వకూడదు, గొంతుకి అడ్డం పడుతుంది. గట్టి పాకం ముక్కలూ అంతే. మెత్తగా పొడి చేసి పాలల్లోనో అన్నంలోనో కలిపి పెట్టండి.

ప్రశ్న: పాకం చేతి మీద పడితే ఏం చెయ్యాలి? మూకుడుకి అంటుకున్నది గీకినా రావట్లేదు కూడా. (నిజామాబాద్)

జవాబు: ముందు చెయ్యి సంగతి. పాకం మరిగే నీళ్ళకంటే చాలా వేడి, పైగా జిగురుగా అంటుకుని కాలుస్తూనే ఉంటుంది. వెంటనే కుళాయి నీళ్ళ కింద ఇరవై నిమిషాలు పెట్టండి, ఐస్ వద్దు, పసుపు, నెయ్యి, టూత్‌పేస్ట్ ఏదీ వద్దు. అంటుకున్న పాకాన్ని పీకకండి, నీళ్ళకే కరుగుతుంది. బొబ్బ పెద్దదైతే, మొహం మీదైతే ఆస్పత్రికి వెళ్ళండి. చేసేటప్పుడు పిల్లల్ని వంటింట్లోకి రానివ్వకండి, రుచి చూద్దామని పాకంలో వేలు పెట్టడం అసలే వద్దు, పక్కన చల్లటి నీళ్ళ గిన్నె ఎప్పుడూ ఉండాలి.

మూకుడు గీకొద్దు. నిండా నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టి మరిగించండి, పదినిమిషాల్లో మొత్తం కరిగిపోతుంది. గరిటె కూడా అందులోనే వేసెయ్యండి.

ప్రశ్న: నేను ఇంట్లోనే చేసి అపార్ట్‌మెంట్ గ్రూపులో అమ్ముదామనుకుంటున్నా, బాగున్నాయని అందరూ అంటున్నారు. ఏమైనా పర్మిషన్ కావాలా? (మియాపూర్)

జవాబు: చాలా సంతోషం, కావాలి. ఇంట్లో చేసి అమ్మినా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, అంటే కేంద్ర ఆహార భద్రతా సంస్థ, రిజిస్ట్రేషన్ తీసుకోవాలి, ఫాస్కాస్ అనే వాళ్ళ ఆన్‌లైన్ పోర్టల్‌లోనే అప్లై చేసుకోవచ్చు. ఆ నంబరు, ఏమేం వేశారో, బరువు, చేసిన తేదీ, ఎప్పటిలోపు తినాలో ప్యాకెట్ మీద రాయండి. జీడిపప్పు, పల్లీ ఒకే మూకుడులో చేస్తుంటే ఆ ముక్క కూడా తప్పకుండా రాయండి, పల్లీ పడనివాళ్ళు జీడిపప్పే కదా అని కొనుక్కుంటారు. మొదట్లో రెండు రకాలతోనే మొదలుపెట్టండి, ఒకటి యాలకులది, ఒకటి కారంది. వానాకాలంలో పంచదార పూత రకాలే అమ్మండి, బెల్లంవి దసరా దాటాక. ప్యాకెట్‌లో తేమ పీల్చే చిన్న సిలికా పొట్లం వేస్తే రెండు వారాలు ఢోకా ఉండదు, దాని మీద తినకూడదు అని తెలుగులో కూడా ఉండేలా చూడండి.